55 చన్నుల డైరీ

జూన్ 9

మా పాకలో ఇప్పుడు పాలిచ్చేవి 14. గ్రేడెడ్ ముర్రా గేదెలు తొమ్మిది, జెర్సీ సంకర ఆవులు ఐదు. లెక్క ప్రకారం 56 చన్నులు ఉండాలి, ఉన్నవి 55. చుక్కావుకి పోయినేడు శ్రావణంలో పొదుగువాపు వచ్చి వెనక ఎడమ చన్ను పోయింది. పొదుగు రాయి కట్టాక గానీ మేం డాక్టరు గారికి ఫోన్ చెయ్యలేదు. అప్పటికి ఆ చన్నులోంచి పాలు కాదు, పసుపు నీళ్లలాంటివి వస్తున్నాయి.

నిరుడు మొత్తం ఐదింటికి వచ్చింది. మొన్న చుట్టుకొమ్ముల గేదె ఆరోది. మామయ్య గారి లెక్కలో ఇది దిష్టి. మా ఆయన లెక్కలో నేల తడి. నాకు ఏ లెక్కా లేదు కాబట్టి ఒక 200 పేజీల నోట్‌బుక్ కొన్నాను. ఒక్కో జీవానికి ఒక పేజీ. పైన చెవి బిళ్ల మీద ఉన్న 12 అంకెల నంబరు, కింద మేం పిలుచుకునే పేరు, ఎన్నో ఈత, ఈనిన తేదీ. ఆ కింద పొదుగు బొమ్మ: నాలుగు గళ్లు. ముందు కుడి, ముందు ఎడమ, వెనక కుడి, వెనక ఎడమ.

జూన్ 12

డాక్టరు గారు పైకి కనపడే వాపు గురించి పెద్దగా మాట్లాడలేదు. "నీకు కనపడనిది ఎంతుందో ముందు చూడమ్మా" అన్నారు. పొదుగు మామూలుగా ఉంటుంది, పాలు తెల్లగానే ఉంటాయి, గేదె మేస్తూనే ఉంటుంది, కానీ లోపల జబ్బు ఉంటుంది. పాలు కొద్దికొద్దిగా తగ్గుతాయి. మనం దాణా మీద, ఎండ మీద, ముదురు ఈత మీద నెపం వేసి ఊరుకుంటాం.

దాన్ని పట్టుకోవడానికి సీఎంటీ (కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్) అనే పరీక్ష ఉంది. కాలిఫోర్నియాలో 1957లో షాల్మ్, నూర్లాండర్ అనే ఇద్దరు తయారు చేశారు. పేరులోని 'సీ' ఆ కాలిఫోర్నియాదే. ఒక పిడి, దానికి నాలుగు చిన్న గిన్నెలు, ఊదారంగు మందు సీసా. అంతే సరంజామా. ఆ మందులో ఉండేది ప్రధానంగా సబ్బుగుణం ఉన్న పదార్థమే. పొదుగులో జబ్బు ఉంటే ఒంట్లోని తెల్లకణాలు పాలల్లోకి గుంపుగా దిగుతాయి. సబ్బు ఆ కణాల గోడలు పగలగొడుతుంది, లోపలి డీఎన్ఏ బయటపడి జిగురుగా సాగుతుంది. జిగురు ఎంత చిక్కనైతే జబ్బు అంత ముదిరినట్టు. రంగు మార్పు పాల పులుపు, క్షారం తేడా చూపించడానికి.

మందు రావడానికి రెండు రోజులు పడుతుందంటే ఊరుకోలేక, ఇంట్లో బట్టల సబ్బు పొడితో చేసి చూశాను. అర లీటరు నీళ్లలో 15 గ్రాములు, అంటే మూడు శాతం. పాలు ఎంతో ఈ నీళ్లు అంత. పని చేసింది! చుట్టుకొమ్ముల దాని పాలు స్టీలు గిన్నెలో గంజి తెట్టులా కదిలాయి. పక్క గేదె పాలు నీళ్లలాగే తిరిగాయి. మా అత్తయ్య గారు ఆ గిన్నెని మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు, అది వేరే సంగతి.

జూన్ 13

సీఎంటీ పళ్లెం వచ్చింది. సాయంత్రం పాలు తీసే ముందు మొత్తం 55 చన్నులు చూశాం. మొదటి మూడు నాలుగు ధారలు నల్లగుడ్డ కట్టిన చెంబులోకి తీసి, ఆ తర్వాతి పాలు గిన్నెల్లో పట్టాలి. పళ్లేన్ని వంచి అదనపు పాలు ఒంపేసి, మిగిలినవాటికి సమంగా మందు పోసి, నేలకి సమాంతరంగా గుండ్రంగా తిప్పాలి. పది పదిహేను సెకన్లలో చదివేయాలి. ఆలస్యమైతే పల్చటి జిగురు విడిపోతుంది, మనం బాగానే ఉందనుకుంటాం.

ఒకటే తిప్పలు: తోకలు. ఊదా మందు నాకు, బాబాయికి, గోడకి సమంగా అంటింది. (బాబాయి అంటే మా దగ్గర ఇరవై ఏళ్లుగా పాలు తీస్తున్న ఆయన. మాకు చుట్టం కాదు, కానీ ఆ పాకలో మా అందరికంటే ఆయనకే హక్కెక్కువ.)

ఫలితం ఇలా ఉంది. ఏమీ లేనివి 31. అనుమానం ఉన్నవి 6. జబ్బున్నవి 18. ఈ పద్దెనిమిదిలో, జిగురు చిక్కదనాన్ని బట్టి, ఒకటో అంచె 9, రెండో అంచె 6, మూడో అంచె 3. జీవాల లెక్కన చూస్తే 14లో ఎనిమిదింటికి ఎక్కడో ఒకచోట ఉంది. మా కళ్లకి ఆరోజు జబ్బున్నది ఒక్కటే.

మామయ్య గారు పళ్లెం చేతిలోకి తీసుకుని కాసేపు తిప్పారు. "ఇన్నాళ్లూ ఇదే పాలు కదా తాగింది" అన్నారు. దిష్టి మాట మళ్లీ ఎత్తలేదు.

జూన్ 15

అన్నిటికంటే చెడ్డగా ఉన్న ఆరు చన్నుల పాలు ల్యాబ్‌కి పంపాం. గన్నవరం పశువైద్య కళాశాల మాకు బస్సులో గంటంబావు.

పాలు పట్టడం తేలిక, మురికి లేకుండా పట్టడం కష్టం. చన్ను కొసని స్పిరిట్ దూదితో తుడవాలి. దూది మీద మురికి కనపడకుండా పోయేదాకా, ప్రతిసారీ కొత్త దూది. తుడిచేటప్పుడు దూరంగా ఉన్న చన్నులు ముందు, దగ్గరివి తర్వాత. పాలు పట్టేటప్పుడు దగ్గరివి ముందు, దూరంవి తర్వాత. తుడిచిన చన్నుకి చెయ్యి రాసుకోకుండా ఉండడానికి ఈ తిరకాసు. సీసాని ఏటవాలుగా పట్టాలి, నిటారుగా పడితే పొదుగు మీది దుమ్ము, వెంట్రుకలు అందులోనే పడతాయి. మూత లోపలి వైపు వేలు తగలకూడదు. మొదటి సీసా నేను తగిలించాను, పారేసి మళ్లీ పట్టాను.

ఐస్ డబ్బా, అందులో ఆరు సీసాలు, ఒళ్లో నోట్‌బుక్. బస్సులో పక్కావిడ చేపలా అని అడిగింది.

జూన్ 19

ఆరింటిలో నాలుగు: స్టెఫైలోకాకస్ ఆరియస్. ఒకటి ఇ. కోలై. ఒకదాంట్లో ఏమీ పెరగలేదు. ఏమీ పెరగకపోతే ఏమీ లేదని కాదట. ఈ స్టెఫైలోకాకస్ పాలల్లోకి ఒకరోజు వస్తుంది, ఒకరోజు రాదు. స్టెఫ్ నాలుగింటిలో మూడు పెన్సిలిన్‌కి లొంగవు అని కూడా కాగితంలో ఉంది.

డాక్టరు గారు కాగితం చూసి అడిగిన మొదటి ప్రశ్న నేల గురించి కాదు. "పాలు ఎవరు తీస్తారు? ఏ వరసలో తీస్తారు?"

పొదుగువాపు క్రిముల్ని ఆయన రెండు రకాలుగా విడగొట్టి చెప్పారు. పేడలో, బురదలో, తడిసిన గడ్డిలో ఉండి పొదుగులోకి ఎక్కేవి కొన్ని: ఇ. కోలై, క్లెబ్సియెల్లా, స్ట్రెప్టోకాకస్ యూబెరిస్. జబ్బున్న పొదుగులోనే కాపురం ఉండి, పాలు తీసేటప్పుడు చేతుల ద్వారా, గుడ్డ ద్వారా, మిషను రబ్బరు ద్వారా పక్క జీవానికి పోయేవి కొన్ని: స్టెఫైలోకాకస్ ఆరియస్, స్ట్రెప్టోకాకస్ అగలాక్టియే. ఈ రెండో రకంలో అగలాక్టియే అయితే పెన్సిలిన్‌కి సులువుగా లొంగేదట. మాకు తగిలింది మొండిది. పొదుగు కండలో చిన్న చిన్న గడ్డలు కట్టి వాటి గోడల వెనక కూర్చుంటుంది, మందు అక్కడిదాకా చేరదు.

అంటే నేల మీద నెపం వేసిన మా ఆయన కొంతే కరెక్టు. మిగతాది బాబాయి చేతుల్లో ఉంది. ఈ మాట ఆయనకి ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు ఊరుకున్నాను.

జూన్ 21

చెప్పే ముందు చూద్దామని తెల్లవారుజామున నాలుగింటికి పాకలో ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాను. చూసింది చూసినట్టు రాసుకున్నాను.

ఒక బకెట్టు నీళ్లు, ఒకే గుడ్డ. అదే గుడ్డతో 14 పొదుగులు. ఒక్కో గేదెకి పొదుగంతా తడిసేలా చెంబుతో నీళ్లు కొట్టి, సగం తుడిచి కూర్చుంటారు. ఆ నీళ్లు పొదుగు మీది మురికిని కడిగి చన్ను కొసకి తెచ్చి, అక్కడి నుంచి చేతిలోకి, చెంబులోకి చుక్కలుగా దించుతున్నాయి. చన్ను జారడానికి వేళ్లు పాల నురగలో ముంచుకుంటారు. బొటనవేలు లోపలికి మడిచి, ఆ కణుపుతో చన్నుని నొక్కి లాగుతారు. చివర్లో రెండు వేళ్లతో కిందిదాకా జీరుతారు. వరస మాత్రం గోడ వైపు నుంచి వాకిలి వైపుకి, కట్టిన వరసే. గోడ పక్కన మొదట ఉన్నది చుక్కావు.

నోట్‌బుక్ తీసి పొదుగు బొమ్మలు ఆ వరసలో పేర్చాను. గోడ వైపు ఏడింటిలో ఆరింటికి జబ్బు. వాకిలి వైపు ఏడింటిలో రెండింటికి. ఇది రుజువు కాదు, తక్కువ జీవాలు, వయసు తేడాలు కూడా ఉన్నాయి. కానీ ఆ కాగితం చూశాక నాకు ఆ గుడ్డ వైపు చూడబుద్ధి కాలేదు.

జూన్ 22

"బాబాయ్, మీ చేతిది ఒకసారి చూద్దామా" అని, ఆయన వేళ్ల మధ్య పగుళ్లు చూపించాను. ఏళ్ల తరబడి తడిలో నానిన చేతులు. ఆ పగుళ్లలో క్రిమి ఉంటుందని, అది ఆయన తప్పు కాదని, గేదె నుంచి ఆయనకి, ఆయన నుంచి గేదెకి తిరుగుతోందని చెప్పాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా నాన్న ఇట్టాగే తీశాడమ్మా, అప్పుడు ఇన్ని రోగాలు లేవు" అన్నారు. అప్పుడు వాళ్ల ఇంట్లో రెండు గేదెలు ఉండేవి, పూటకి రెండు లీటర్లు. ఇప్పుడు 14, పూటకి అరవై లీటర్లు. రెండు గేదెలకి ఒక గుడ్డ సరిపోయిందేమో. ఆ మాట నేను అనలేదు, ఆయనే లెక్క వేసుకున్నారు.

జూన్ 24

కొత్త పద్ధతి మొదలు. పాత పంచెలు, లుంగీలు చింపి 30 గుడ్డలు చేశాం. ఒక జీవానికి ఒక గుడ్డ, వాడింది నేరుగా వేరే బకెట్టులోకి. మధ్యాహ్నం వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయడం నా పని. పొదుగంతా కడగడం మానేశాం. చన్నులు మాత్రం తడిపి, పొడిగా తుడవడం. బొటనవేలు మడవకుండా పిడికిలి నిండా పట్టి పితకడం. జారడానికి పాలు, నూనె ఏవీ లేవు. జీవానికీ జీవానికీ మధ్య సబ్బుతో చేతులు.

వరస కోసం మెడకి రంగు తాళ్లు కట్టాం. ఏమీ లేనివాటికి పచ్చ, అనుమానం ఉన్నవాటికి పసుపు, జబ్బున్నవాటికి ఎరుపు. పచ్చ తాడు ముందు, పసుపు తర్వాత, ఎరుపు ఆఖరు. తొలిచూలువి అన్నిటికంటే ముందు. బాబాయి పాక ఈ చివర నుంచి ఆ చివరకి నడవాల్సి వస్తోందని విసుక్కుంటే, ఎర్రతాడు వాటిని అన్నిటినీ ఒక కొసకి మార్చాం. గేదె కట్టుగొయ్య మారిస్తే అలుగుతుందని మామయ్య గారు ముందే చెప్పారు. నిజమే, బొల్లిది మూడు రోజులు సరిగ్గా చేపలేదు (పాలు కిందికి దించలేదు), పూటకి లీటరు తగ్గించింది. నాలుగో రోజుకి సర్దుకుంది.

జూన్ 30

ఒక పెద్ద పొరపాటు ఒప్పుకోవాలి. పాలు తీశాక చన్నులు అయోడిన్ మందులో ముంచాలని డాక్టరు గారు చెప్పారు. అర శాతం అయోడిన్ ఉండాలన్నారు. మెడికల్ షాపులో పోవిడోన్ అయోడిన్ ఐదు శాతం దొరికింది. ఐదు నుంచి అర చెయ్యాలంటే పదో వంతు కదా అని, ఒక వంతు మందుకి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి వారం రోజులు ముంచాను. లెక్కల్లో నాకు ఎప్పుడూ మంచి మార్కులే.

అసలు సంగతి ఏమిటంటే, సీసా మీద రాసిన ఐదు శాతం పోవిడోన్ అయోడిన్ అనే మొత్తం పదార్థానిది. అందులో క్రిమిని చంపడానికి విడుదలయ్యే అయోడిన్ పదో వంతే. అంటే ఐదు శాతం సీసాలో ఉన్నదే అర శాతం. నీళ్లు కలపనే కూడదు. నేను వారం పాటు ముంచింది రంగునీళ్లు. ఆ వారం చన్నుల చర్మం కూడా బిరుసెక్కింది, ఎందుకంటే గ్లిజరిన్ కలపడం తెలియదు.

ఇప్పుడు తొమ్మిది వంతుల మందుకి ఒక వంతు గ్లిజరిన్. చిన్న ప్లాస్టిక్ కప్పులో పోసి, చన్ను మొత్తం మునిగేలా ముంచుతాం. స్ప్రే కొడితే ఒక పక్కే తడుస్తోంది, ముంచడమే మేలు. కప్పులో పేడ పడితే ఆ మందు పారబోయాలి, మురికి తగిలితే అయోడిన్ చచ్చుబడిపోతుంది. మిగిలిందాన్ని సీసాలోకి తిరిగి పోసే పొదుపు మా ఇంట్లో అందరికీ ఉంది, అది మానిపించడానికి సీసాకి తాళం వేసినంత పని అయింది.

జూలై 4

పాలు తీశాక చన్ను కొస రంధ్రం వెంటనే మూసుకోదు. అరగంట, ఒక్కోసారి అంతకంటే ఎక్కువసేపు తెరుచుకునే ఉంటుంది. ఆ సమయంలో పడుకుంటే పేడలో ఉన్నది లోపలికి పోతుంది. కాబట్టి పాలు తీసిన వెంటనే మేత వేసి నిలబెట్టాలి.

చెప్పడానికి ఒక్క వాక్యమే. మా గేదెలు దాణా నోటికి అందితే గానీ చేపవు. తవుడు, పత్తిచెక్క కలిపిన తొట్టి ముందు పెట్టాకే పాలు దించుతాయి. గేదెకి పొదుగు కింది అరలో నిలవ ఉండే పాలు ఆవుకంటే బాగా తక్కువ, అది చేపితేనే పాలు. దాణా మొత్తం తర్వాతకి వాయిదా వేసిన రోజు రెండు గేదెలు కాలు ఎత్తాయి, బాబాయి చెంబు ఎగిరి దూడ మీద పడింది. చేపడం లేదని సూది వేయిద్దామని పక్కింటాయన సలహా ఇచ్చాడు. వద్దన్నాం. ఆఖరికి రాజీ: దాణా సగం పాలు తీసేటప్పుడు, పాలు తీసిన తర్వాత మిగతా సగం, కోసిన పచ్చిజొన్న. ఇప్పుడు అరగంటకి పైగా నిలబడే ఉంటున్నాయి.

జూలై 16

నాలుగు రోజుల ముసురు. ఈని పన్నెండు రోజులైన ఎర్రావు, నిన్న సాయంత్రం దాకా బాగానే ఉంది. తెల్లారేసరికి మేత ముట్టలేదు. చెవులు చల్లగా, ఒళ్లు కాలిపోతూ. 105 జ్వరం. వెనక కుడి పొదుగు వాచి ఎర్రబడింది, పితికితే చెరువు నీళ్లలాంటివి, వాటిలో పలుకులు.

దీనికి ఎరుపు తాడు లేదు. అన్ని జాగ్రత్తలూ తీసుకున్న ఆవు. డాక్టరు గారు గంటలో వచ్చారు, సెలైన్, సూదులు, వాపు తగ్గే మందు. ప్రతి మూడు గంటలకీ ఆ చన్ను ఖాళీ చెయ్యమన్నారు. ఇది నేల నుంచి వచ్చిన రకమని ఆయన అభిప్రాయం. మేం పాలు తీశాక ముంచుతున్న మందు చేతుల ద్వారా పాకే జబ్బుని ఆపుతుంది గానీ, రెండు పూటల మధ్య పది గంటలు బురదలో పడుకున్నదాన్ని ఏం ఆపుతుంది? అదీ గాక, కొత్తగా ఈనిన ఆవుకి ఒంట్లో తట్టుకునే శక్తి అప్పుడే తక్కువ.

మా ఆయన ఏమీ అనకుండా ఇటుక ముక్కలు తెచ్చి పాకలో పల్లం పూడ్చడం మొదలుపెట్టారు. నేల తడి అని ఆయన మొదటి నుంచీ అంటున్నారు, అది గుర్తు చెయ్యకపోవడం ఆయన మంచితనం.

జూలై 18

జ్వరం దిగింది. వాపు మీద కలబంద లేపనం కూడా రాస్తున్నాం: కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు కలిపి రుబ్బి, నీళ్లలా పల్చన చేసి రోజుకి పదిసార్లు. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ చాలాకాలంగా ప్రచారం చేస్తున్న పద్ధతే ఇది. డాక్టరు గారి మందుతో పాటు రాస్తున్నాం, దానికి బదులు కాదు. ఏది పని చేసిందంటే నేను చెప్పలేను. పది సార్లు రాయడం వల్ల పదిసార్లు పొదుగు చూడటం అయితే జరుగుతోంది.

జూలై 21

పాలు పారబోయడం గురించి ఇంట్లో పెద్ద గొడవ. మందు వాడుతున్న ఎర్రావు పాలు, సూది ఆపాక కూడా డాక్టరు గారు రాసిచ్చిన రోజులు నిండేదాకా, పాలకేంద్రానికి పొయ్యకూడదు. ఒక్క చన్నుకే మందు వేసినా నాలుగు చన్నుల పాలూ పక్కకే. అత్తయ్య గారికి పాలు నేల మీద పొయ్యడమంటే లక్ష్మిని గెంటేయడమే. దూడకి పట్టిద్దామన్నారు. వద్దు, మందు కలిసిన పాలు దూడకీ మంచివి కావు. కొబ్బరిచెట్టు మొదట్లో గొయ్యి తీసి పోస్తున్నాం.

నాకు వాదించడానికి ఒక్క ఆయుధం దొరికింది. పోయినేడు చుక్కావుకి మందు వేసిన వారంలో మా ఇంట్లో పెరుగు తోడుకోలేదు. మూడు రోజులు గిన్నె మార్చారు, తోడు మార్చారు, పక్కింటి నుంచి మజ్జిగ తెచ్చారు. పాలల్లో మందు ఉంటే తోడులోని క్రిమి కూడా చస్తుంది మరి. అది గుర్తు చేశాక అత్తయ్య గారే బిందె తీసుకెళ్లి పారబోశారు.

ఆగస్టు 5

బొల్లి గేదె మరో రెండు నెలల్లో ఈనుతుంది. ఎండగట్టాం, అంటే పాలు తీయడం ఆపేశాం. చుక్కావు సహా ఎర్రతాళ్లలో రెండో అంచె, మూడో అంచె ఉన్న వాటికి పాలిస్తుండగా మందు వెయ్యొద్దని డాక్టరు గారు ఇన్నాళ్లూ ఆపింది ఇందుకే. వట్టిపోయిన కాలంలో వేసే ట్యూబులు వేరు. పాలు రోజూ తీస్తుంటే మందు పాలతో బయటికి పోతుంది. ఎండగట్టాక అది వారాల తరబడి లోపలే ఉంటుంది.

ఆఖరి పూట పాలు పూర్తిగా తీసి, ఒక్కో చన్నుకి వేరే స్పిరిట్ దూది, ఒక్కో చన్నుకి వేరే ట్యూబు. కొస మూడు నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే లోపలికి. మొత్తం దూరిస్తే చన్ను రంధ్రం గోడకి దెబ్బ. తర్వాత టీట్ డిప్, అంటే అదే అయోడిన్ మందులో ముంచడం. దాణా తగ్గించి, పాలపాకకి దూరంగా కట్టేశాం. మొదటి వారం రోజూ చూడాలి, కొత్తగా ఎండిన పొదుగుకి కూడా అపాయం ఎక్కువే.

బ్రిటన్‌లో రీడింగ్ దగ్గర షిన్‌ఫీల్డ్‌లో ఉన్న పాడి పరిశోధన సంస్థ 1960లలో ఐదు సూత్రాల పద్ధతి ఒకటి తెచ్చింది. పాలు తీశాక చన్నులు ముంచడం, ఎండగట్టేటప్పుడు అన్నిటికీ మందు, జబ్బు కనపడగానే వైద్యం, మొండివాటిని మందలోంచి తీసేయడం, మిషను సరిగ్గా ఉంచుకోవడం. చదివినప్పుడు మిషను సూత్రం మనకి వర్తించదనుకున్నాను. తర్వాత తట్టింది, మా మిషను బాబాయి చేతులే. అందుకే పగుళ్లకి ఆయనకి కూడా మందు తెచ్చాం.

ఆ ఐదింటిలో 'అన్నిటికీ మందు' అనేది ఇప్పుడు మారింది. యాంటీబయాటిక్‌కి క్రిములు అలవాటు పడుతున్నాయని ఐరోపా సమాఖ్య 2022 జనవరి 28 నుంచి, జబ్బున్నా లేకున్నా మందకంతటికీ ముందుజాగ్రత్తగా వేసే అలవాటుకి అడ్డుకట్ట వేసింది. మేమూ పళ్లెంలో పచ్చతాడు వచ్చినవాటికి ట్యూబు వెయ్యదలుచుకోలేదు.

ఆగస్టు 17

రెండో లెక్క. బొల్లి వెళ్లింది, ఎర్రావు చేరింది, కాబట్టి మళ్లీ 55 చన్నులే. జబ్బున్నవి 12. మూడో అంచె ఒక్కటే, చుక్కావు ముందు ఎడమ. కొత్తగా వచ్చినవి మూడు, పోయినవి తొమ్మిది. అంటే కొత్తవి ఇంకా వస్తున్నాయి, కానీ నెమ్మదిగా. పోయిన తొమ్మిదిలో రెండు బొల్లివి, అవి వట్టిపోయిన లెక్కలోకి జరిగాయి గానీ నయమైనట్టు కాదు. ఆ తేడా రాసుకోకపోతే నన్ను నేనే మోసం చేసుకున్నట్టు.

పాలకేంద్రంలో మా ఎస్.ఎన్.ఎఫ్. (వెన్న కాకుండా పాలల్లో ఉండే గట్టిపదార్థాల శాతం) జూన్‌లో 8.6 దగ్గర ఉండేది, ఈ వారం 8.8. పొదుగులో జబ్బు ఉంటే పాలల్లో చక్కెర తగ్గి ఉప్పు పెరుగుతుంది, అందుకే ఆ పాలు నాలుక మీద ఉప్పగా తగులుతాయి. కాబట్టి ఈ 0.2 మా పని ఫలం కావచ్చు. కానీ ఇదే నెలలో పచ్చిమేత కూడా పుష్కలంగా వచ్చింది. మామయ్య గారు మాత్రం కేంద్రం చీటీని జేబులో పెట్టుకుని ఊరంతా తిరిగారు.

అక్టోబర్ 12

బొల్లి ఈనింది, పెయ్యదూడ. ముర్రుపాల రోజుల్లో సీఎంటీ ఎలాగూ తప్పు చూపిస్తుంది కాబట్టి పది రోజులు ఆగి చూస్తాను.

ఈ నెలంతా చుక్కావు గురించే ఆలోచన. రెండుసార్లు వైద్యం, ఆ ముందు ఎడమ చన్ను మారలేదు. పుస్తకం ప్రకారం మందలోంచి తీసేయాలి. గేదె అయితే సంతకి తోలేవాళ్లమేమో. ఆవుని అమ్మడం అంత సులువు కాదు, ఇంట్లో ఒప్పుకోరు కూడా. అసలు అమ్మితే ఎవరికి? తెలిసి తెలిసి ఇంకొకరి పాకలో ఈ జబ్బు కట్టేసి రావాలి. మామయ్య గారు ఒక్క మాటే అన్నారు: "దాని పాలతోనే మన గోడలు లేచాయి, అమ్మాయ్."

డాక్టరు గారు మధ్యేమార్గం చెప్పారు. ఆ ఒక్క చన్ను పితకడం శాశ్వతంగా మానేసి ఎండనివ్వడం. మిగిలిన రెండు చన్నుల పాలు అన్నిటికంటే ఆఖరున, బాబాయి చేతులు ఇంక ఇంటికే వెళ్తాయన్నప్పుడు తీయడం. ఎర్రతాడు కింద ఇంకో ఎర్రతాడు.

అక్టోబర్ 24

బొల్లి: నాలుగు గిన్నెలూ నీళ్లలా తిరిగాయి. నాలుగూ! మందు వాసన కూడా ముక్కుకి నచ్చింది ఈరోజు.

నవంబర్ 20

కార్తీకంలో బాబాయి మనవరాలి పెళ్లి. తొమ్మిది రోజులు వేరే మనిషిని పెట్టుకున్నాం. చెయ్యి చాలా వేగం, గంటలో ముగించేవాడు. గుడ్డలు ఉన్నాయని, వరస ఉందని చెప్పాను. మొదటి రోజు విన్నాడు. నాకు జ్వరం వచ్చి నాలుగు రోజులు పాకలోకి వెళ్లలేదు. లేచి వెళ్లేసరికి 30 గుడ్డలూ దండెం మీద మడత నలగకుండా ఉన్నాయి, తొట్టి అంచు మీద ఒక తడిగుడ్డ. టీట్ డిప్ సీసాలో మట్టం కదల్లేదు.

బాబాయి తిరిగొచ్చిన రోజే పళ్లెం పట్టాం. పచ్చతాడు ఉన్న రెండింటికి కొత్తగా రెండో అంచె. ఇది నేను పన్నిన ప్రయోగం కాదు, పన్నే ధైర్యం కూడా నాకు లేదు. బాబాయి పళ్లెంలోకి చూసి, దండెం మీది గుడ్డలకేసి చూసి, "నేను పెళ్లికి పోకుండా ఉండాల్సింది" అన్నారు. అది కాదు బాబాయ్, నేను కాగితం మీద రాసి గోడకి అంటించి ఉండాల్సింది. ఇప్పుడు అంటించాను, పెద్ద అక్షరాలతో.

డిసెంబర్ 14

మూడో లెక్క. ఇప్పుడు పాలిచ్చేవి 12, తీస్తున్న చన్నులు 46. జబ్బున్నవి 5, అందులో రెండు నవంబర్ తొమ్మిది రోజులవి. జూన్ నుంచి పైకి కనపడే వాపు రెండింటికే వచ్చింది: ఎర్రావు, ఆ తర్వాత సెప్టెంబర్‌లో ఒక గేదెకి కొద్దిపాటిది, దాన్ని నల్లగుడ్డ చెంబులో పలుకు చూసి ఆ పూటే పట్టుకున్నాం. ఎర్రావు పాలు మునుపటికి రాలేదు, ఆ చన్ను సగమే ఇస్తోంది.

మా ఆయన మిషను కొందామంటున్నారు. కొందాం గానీ లెక్క వేసి పెట్టాను: చన్నులకి తొడిగే రబ్బరు లైనర్లు 2,500 సార్లు వాడాక మార్చాలంటారు. ఒక సెట్టుతో 12 జీవాలు, రోజుకి రెండు పూటలు, అంటే రోజుకి 24. నూట నాలుగు రోజులకే, మూడున్నర నెలలకి కొత్త రబ్బర్లు. డబ్బు ఆదా అని ఏడాది లాగిస్తే, పగిలిన రబ్బరు కూడా పగిలిన చేతివేలు లాంటిదే.

డిసెంబర్ 21

తెల్లవారుజామున నాలుగున్నరకి పాకలోంచి పిలుపు. "అమ్మాయి గారూ, పళ్లెం పట్రండి."

బొల్లిది. వెనక కుడి. నల్లగుడ్డ మీద ఆవగింజంత పలుకు, మొదటి ధారలో ఒకటి, మూడో ధారలో ఒకటి. నేను వెళ్లేసరికే బాబాయి దాన్ని వదిలేసి పక్క గేదెకి వెళ్లారు, చేతులు కడుక్కుని. బొల్లి మెడకి పచ్చతాడు విప్పేసి, గూట్లో ఉన్న ఎర్రతాడు కట్టి ఉంది.

పళ్లెంలో రెండో అంచె. స్పిరిట్, దూది, సీసా తీశాను. తొమ్మిదింటి బస్సుకి గన్నవరం.